ఎడమ మోకాలు, పదికి ఎనిమిది

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాసంగ్రామం. ఇందులో మట్టి ఆకాశానికి లేస్తుంది, తొడలు మోగుతాయి, పాతబస్తీ మొత్తం ఊపిరి బిగబడుతుంది. గౌలిపుర గల్లీలో పాలు అమ్మే ఒకాయన కూతురు సింహంలా గర్జిస్తుంది. ఆమె వెనక గురువు కొండలా నిలబడతాడు.

అంత లేదు. ఎవరూ గర్జించలేదు. గురువుగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, ఆ కుర్చీకి ఒక కాలు వంకర. పాతబస్తీ ఆ రోజు తన పని తాను చేసుకుంది. ఇది నిజానికి ఒక ఫారం కథ. ఏ-ఫోర్ సైజు, రెండు వైపులా జిరాక్సు, అడుగున సంతకానికి ఒక గీత. ఆ ఫారం తయారుచేసింది నేను. అందుకే ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను.

రిటైరయ్యాను అంటే మా ఇంట్లో ఒప్పుకోరు. మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి, జహనుమాలో ఇల్లు తీసుకుని, సర్కారు ఆఫీసులో చివరిదాకా పనిచేసి, శాలువా కప్పించుకుని రిటైరైన మనిషి. ఆయన లెక్కలో నాది రిటైర్మెంటు కాదు, పారిపోవడం. ఆయన మాట కొట్టిపారేయడానికి నా దగ్గర ఆధారాలేమీ లేవు. శాలువా కూడా లేదు.

నా ఉద్యోగం క్రీడాకారులకు మానసిక శిక్షణ ఇవ్వడం. పోటీకి ముందు గుండె దడదడలాడితే ఊపిరి ఎలా తీసుకోవాలి, ఓడిపోతానన్న ఆలోచన వస్తే దాన్ని ఎలా సాగనంపాలి, కళ్లు మూసుకుని తన ఆటను తాను ముందే ఎలా చూసుకోవాలి, ఇవన్నీ చెప్పాలి. ఇది ఉత్త మాటల వ్యవహారం కాదు, బాగా చేస్తే పనిచేస్తుంది. నేను చెడగొట్టాను కాబట్టి ఆ శాస్త్రాన్ని తిట్టకండి. ఈ ఉద్యోగంలోకి రావాలని ఇప్పుడు చాలామంది పిల్లలు చదువుతున్నారట. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదవొచ్చు, కాకపోతే పరీక్షలో రాదు.

ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను ఉద్యోగంలోకి తీసుకుని గౌలిపురలోని ఒక తాలీంకు పంపింది. కుస్తీ నేర్పే చోటును ఇక్కడ తాలీం అంటారు. రేకుల కప్పు, ఒక మూల పాత మట్టి గోదా, దాని పక్కన కొత్తగా పరిచిన నీలం మ్యాటు, గోడకు గదలు. అన్నిటి మధ్యలో ఆ వంకరకాలి కుర్చీలో ఉస్తాద్. అరవై దాటిన మనిషి. చెవులు రెండూ కుస్తీలో నలిగి పకోడీల్లా ఉండేవి. మొదటిరోజు నన్ను పైనుంచి కిందికి చూశారు. నా విషయంలో అది పెద్ద దూరమేమీ కాదు.

"ఏం నేర్పిస్తవ్ సార్ నువ్వు?"

"మనసును సిద్ధం చేసుకోవడం నేర్పిస్తాను ఉస్తాద్."

"మనసా? అది ఎన్ని కిలోల కేటగిరీ?"

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వాలని మాకు శిక్షణలో చెప్పారు.

"సరే, ఒక మాట," అన్నారు ఉస్తాద్. "గీళ్ల ఒళ్లు నేను చూస్కుంట. దిమాగ్ నువ్వు చూస్కో. ఒకరి దాంట్ల ఒకరు వేలు పెట్టొద్దు. లొల్లి ఉండదు."

ఆ రోజు నుంచి నేను దిమాగ్ సార్‌ని. ఆ పంపకం నాకు కూడా బాగా నచ్చింది. మోకాలు ఎవరి వాటాలోకి వస్తుందో అప్పుడు ఇద్దరమూ అనుకోలేదు.

ఆ తాలీంలో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం సాధన అయ్యాక పిల్లలు వరసగా బోర్లా పడుకునేవారు. ఉస్తాద్ చేతికి ఆవనూనె రాసుకుని ఒక్కొక్కడినీ చీలమండ నుంచి మెడ దాకా నొక్కుకుంటూ వచ్చేవారు. ఏమీ అడిగేవారు కాదు. బొటనవేలు ఒకచోట ఆగేది. "రేపు రాకు, ఎల్లుండి రాకు," అని చెప్పి తర్వాతివాడి దగ్గరికి పోయేవారు. "ఏం కాలేదు ఉస్తాద్, మంచిగనే ఉన్న," అని వాడు మొత్తుకుంటే, "నిన్ను అడిగిన్నా? నీ భుజాన్ని అడిగిన. అది చెప్పింది," అనేవారు.

ఈ తనిఖీ జరుగుతున్నంతసేపూ గోడ పక్కన కూర్చుని బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకునే ఒక మనిషి ఉండేది. ఆ తాలీంలో ఉన్న ఒకే ఒక అమ్మాయి. ఇరవై ఏళ్లు.

"ఆడపిల్ల ఒంటి మీద నేను చెయ్యి పెట్టను," అన్నారు ఉస్తాద్ నాతో. "మర్యాద కాదు. దానికి ఏమన్నా ఉంటే నువ్వు అడుగు. నీకు అడుగుడు వస్తది, చదువుకున్నవ్."

అడగడానికి నా దగ్గర ఫారం ఉంది.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. ఇంట్లో ఆరు బర్రెలు. పొద్దున పాలు పిండి, తాలీంకు వచ్చి, కాలేజీకి పోయి, మళ్లీ పాలు పిండి, మళ్లీ తాలీంకు వచ్చేది. బస్తీలో బర్రెలు ఉండకూడదని నోటీసులు వస్తుండేవి. వాళ్ల బాపు ఎన్నాళ్లు నెట్టుకొస్తాడో తెలియదు. రాష్ట్ర పోటీల్లో ఏ పతకం వచ్చినా ఆ ఏడు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఇంటి ఆశ మొత్తం ఆ ఒక్క పతకం మీద ఉంది. బంగారమే కావాలని కూడా లేదు. "కంచు చాలు సార్, నౌకరీకి రంగు అవసరం లేదు," అనేది.

కిందటేడు రెండుసార్లు ముందంజలో ఉండి చివరి నిమిషంలో ఓడిపోయింది. పట్టు దొరికాక కూడా చేతులు బిగుసుకుపోయేవట. అది మనసు పనే. ఆ మాట ఉస్తాదూ ఒప్పుకున్నారు, ఆమె కూడా ఒప్పుకుంది. అంటే నా అవసరం నిజంగానే ఉంది. ఉద్యోగ జీవితంలో అలాంటి రోజు అరుదు, నన్ను నమ్మండి.

ఫారంలో నాలుగు గళ్లు. ఈ రోజు సాధనలో ఏ ఆలోచన ఇబ్బంది పెట్టింది? అది వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ తెలిసింది? పదికి ఎంత? తర్వాత ఏం చేశావు? భయం ముందు ఒంట్లో ఎక్కడో ఒకచోట తెలుస్తుంది, ఆ చోటు కనిపెడితే దాన్ని పట్టుకోవచ్చు అని మా పాఠం. మగపిల్లలు ఈ శాస్త్రాన్ని తమకు తోచినట్టు గౌరవించారు. ఒకడు ప్రతిరోజూ "ఆలోచన: ఆకలి. చోటు: కడుపు. పదికి పది. సమోసా తిన్న" అని రాసి సంతకం పెట్టేవాడు.

ఆ అమ్మాయి మాత్రం శ్రద్ధగా రాసేది. మొదటి కాగితాల్లో గొంతు, ఛాతీ అని ఉండేవి. పోటీలు ఇంకా ఆరు వారాలున్నాయనగా ఒకరోజు ఇలా రాసింది: "కాలు ఆగదు అనిపిస్తది. ఎడమ మోకాలు. 8."

నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. అందరి భయమూ గొంతులోనో కడుపులోనో ఉంటుంది. మోకాలు ఎప్పుడూ తగల్లేదు. మర్నాడు కూడా ఎడమ మోకాలే. ఆ మర్నాడూ అదే. చూశారా, ఎంత నిలకడ! ఆఫీసులో నెలవారీ సమావేశంలో దాన్ని తెర మీద వేసి చూపించాను. "భయం మోకాల్లో దాక్కున్న వేళ" అని శీర్షిక పెట్టాను. మా పెద్దసారు చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టడం అంతకుముందు ఒకసారే చూశాను, దోమ కోసం.

నివారణ కూడా నేనే కనిపెట్టాను. ముంజేతికి ఒక రబ్బరు బ్యాండు. ఆ ఆలోచన రాగానే దాన్ని లాగి వదలాలి. చురుక్కుమంటుంది. "ఇది ఆలోచన మాత్రమే" అనుకుని ఆటలోకి పోవాలి. పుస్తకంలో ఉన్న పద్ధతే. సంస్థవాళ్లు ఇచ్చిన రంగు బ్యాండు రెండో రోజే తెగిపోయింది. ఆమె తమ పాల కొట్లో పెరుగు కవర్లకు చుట్టే రబ్బరు బ్యాండు వేసుకొచ్చింది. అది ఇంకా గట్టిగా తగిలేది. పదిహేను రోజులకు ముంజేయి చుట్టూ ఎర్రటి గీత పడింది. అంకె మాత్రం తగ్గుతూ వచ్చింది. ఏడు, ఆరు, అయిదు. నేను గ్రాఫు గీశాను. గీత కిందికి దిగుతుంటే నా మెడ పైకి లేచేది.

పోటీలకు పది రోజులున్నాయనగా వాళ్ల బాపు తాలీంకు వచ్చాడు. ఖాళీ పాలక్యాన్లు మోపెడ్‌కు తగిలించి, చెప్పులు బయట విడిచి, నా ముందు నిలబడ్డాడు.

"సార్, ఒక మాట అడగాలె. బిడ్డ పాలు పిండేటప్పుడు ఎడమకాలు చాపుకొని కూసుంటున్నది. ఎన్నడు గట్ల కూసోలే. అడిగితే ఏం లేదంటది."

"అది మేము గమనిస్తూనే ఉన్నామన్నా. మనసులో ఒత్తిడి ఉన్నప్పుడు ఒంట్లో అలా కనిపిస్తుంది. రోజూ తగ్గుతోంది, చూడండి," అని గ్రాఫు చూపించాను.

ఆయన గ్రాఫును రెండు చేతులతో పట్టుకుని చూశాడు. "బర్రె గట్ల కాలు చాపితే నేను డాక్టర్‌ను పిలుస్త సార్."

"మనిషి వేరు కదన్నా."

"అవ్, మనిషి వేరు," అన్నాడు. "మీరు చదువుకున్నోళ్లు. మీరు చూస్తున్నరంటే నాకేం ఫికర్ లేదు." గ్రాఫు తిరిగిచ్చి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. టీ తాగి వెళ్లమని అన్నాను. ఆ ఒక్క విషయంలో నా ప్రవర్తన మచ్చలేనిది.

పోటీలు మూసీ అవతల ఒక ఇండోర్ స్టేడియంలో. ఉస్తాద్, ఆమె, నేను ఆటోలో బయల్దేరాం. అఫ్జల్‌గంజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఎదురుగా ఉల్లిగడ్డల లారీ, పక్కన బస్సు, అందరూ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. "కళ్లు మూసుకో, నీ కుస్తీని చూసుకో," అన్నాను. ఆమె మూసుకుంది.

"ఏం కనిపిస్తున్నది?" అన్నారు ఉస్తాద్.

"ఉల్లిగడ్డలు," అంది కళ్లు తెరవకుండానే.

ముగ్గురం నవ్వాం. ఆ రోజు అందరం కలిసి నవ్వింది అప్పుడే.

మొదటి రెండు కుస్తీలు తేలిగ్గా గెలిచింది. సెమీఫైనల్ గెలిస్తే పతకం ఖాయం. కుస్తీ రెండు భాగాలు, ఒక్కోటి మూడు నిమిషాలు, మధ్యలో అర నిమిషం విరామం. మొదటి భాగం అయ్యేసరికి ఆమె నాలుగు పాయింట్లు, అవతలి అమ్మాయి ఒకటి. పై గ్యాలరీలో వాళ్ల బాపు కనిపించాడు. క్యాన్లు లోపలికి రానివ్వకపోతే బయట పల్లీలమ్మే ఆమె దగ్గర పెట్టి వచ్చాడట.

ఆమె మా మూలకు వచ్చింది. చెమట తుడుచుకోలేదు, నీళ్లు తాగలేదు. నా వైపు చూసి, "సార్, మోకాలు," అంది.

ఉస్తాద్ లేచారు. ఆమె మోకాలి వైపు వంగారు. చెయ్యి చాపారు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నా వైపు తిరిగారు.

"ఏమంటవ్ దిమాగ్ సార్? ఆపుదమా?"

ఇక్కడ మీకు ఒక ఉత్కంఠ కావాలి. నా లోపల పెద్ద సంఘర్షణ జరిగిందని రాయాలి. ఏమీ జరగలేదు. నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. నాకు భయం లేకపోవడమే ఆ స్టేడియంలో అందరికంటే ప్రమాదకరమైన విషయం.

"అది మోకాలు కాదు ఉస్తాద్, భయం," అన్నాను. "ముందంజలో ఉన్నప్పుడే వస్తుంది. కిందటేడు ఇక్కడే ఓడిపోయింది." కుస్తీలో బ్యాండ్లు పెట్టుకోనివ్వరు కాబట్టి ఆమెది నా జేబులో ఉంది. తీసి ఆమె ముంజేతికి తొడిగి, నేనే లాగి వదిలాను. చురుక్కుమంది. ఆమె కళ్లు మూసుకుని "ఇది ఆలోచన మాత్రమే" అంది. నాకు వినిపించేలా అంది. బ్యాండు తీసి నా చేతిలో పెట్టి మ్యాటు మీదికి వెళ్లింది.

ఇరవై సెకన్లు. ఫట్‌మని శబ్దం వస్తుందని అంటారు, ఏమీ రాలేదు. అవతలి అమ్మాయి కాలు పట్టుకోవడానికి వచ్చింది. ఈమె ఎడమకాలి మీద తిరగబోయి కూర్చుండిపోయింది. అంతే. వెనకనుంచి ఎవరో కుర్చీ లాగేసినట్టు. మళ్లీ లేవబోయింది, లేవలేకపోయింది. అరవలేదు. మోకాలి వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. అప్పుడు కూడా కుడిచేత్తో ఎడమ ముంజేతి మీద లేని బ్యాండును లాగుతోంది.

ఉస్తాద్ మ్యాటు మీదికి వెళ్లి ఆమె పక్కన మోకరించారు.

"బిడ్డా, చెయ్యి పెట్టనా?"

ఆమె తలూపింది. రెండు బొటనవేళ్లు మోకాలిచిప్పకు అటూ ఇటూ పెట్టి నొక్కారు. ఊపిరి ఒకసారి తీసి వదిలినంత సేపు.

"గిది ఇయ్యాల్టిది కాదు," అన్నారు. "నెల దాటింది. లోపట నీరు పట్టింది." తర్వాత తల ఎత్తారు. "నీకు తెల్వదా దిమాగ్ సార్?"

తెలుసు. నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. ముప్పై ఎనిమిది కాగితాలు, అన్నిటికీ కింద సంతకం.

ఆసుపత్రిలో డాక్టరు స్కానింగ్ చూసి, లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందని, మెత్తటి ఎముక కూడా చెడిందని చెప్పింది. ఆపరేషన్ చేస్తే నడుస్తుంది, మెట్లెక్కుతుంది, కుస్తీ మాత్రం మర్చిపోవాలి అంది. "ముందు చిన్నగా చిరిగి ఉంటుంది. అప్పుడే తీసుకొచ్చుంటే విశ్రాంతి ఇచ్చి చూసేవాళ్లం. ఈ ఏడు పోయినా వచ్చే ఏడు ఆడేదేమో. ఎవరూ చూడలేదా?"

ఉస్తాద్ తన అరచేతుల వైపు చూసుకుంటున్నారు. వాళ్ల బాపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నన్ను కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండేది, నాకు కాస్త పని ఉండేది. ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా, "మీరు చూస్తున్నరు కదా సార్ అని నేను ఊకున్న," అన్నాడు. తప్పు తనదన్నట్టు అన్నాడు.

ఆ వారమే రాజీనామా ఇచ్చాను. ఇలాంటివి ఆటల్లో మామూలే, ఎక్కువ చెయ్యకు అన్నారు మా పెద్దసారు. చివరలో, ఆ మోకాలి స్లైడు బాగుంది, మేము వాడుకోవచ్చా అని అడిగారు. వద్దన్నాను. ముప్పై ఎనిమిది కాగితాలూ తెచ్చుకున్నాను. మా ఇంట్లో బీరువా మీద ఉన్నాయి. అమ్మ రెండుసార్లు పాత పేపర్లవాడికి వెయ్యబోయింది. ఇప్పుడు ఒక కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెబుతున్నాను. అక్కడ వాళ్లకు మహా అయితే మెడ పట్టేస్తుంది. ఎవరైనా మెడ అంటే నేను ఇంకో మాట మాట్లాడకుండా డాక్టరు దగ్గరికి పంపిస్తాను. పిరికివాడని పేరొచ్చింది.

తాలీంలో ఇప్పుడు ముగ్గురు అమ్మాయిలు ఉన్నారట. సాయంత్రం ఉస్తాద్ భార్య వచ్చి, తెర కట్టి, వాళ్ల కాళ్లూ చేతులూ నొక్కి చూస్తుందట. మూడు గజాల పాత చీర. ఆ తనిఖీకి కావాల్సింది అంతే.

పోయిన వేసవిలో వాళ్ల కొట్టుకు వెళ్లాను. పెరుగు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. బర్రెలు నాలుగు పోయి రెండు మిగిలాయి. ఆ కోటా నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోయింది. ఆమె కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుంది, ఎడమకాలు చాపుకుని.

"ఏం కావాలె సార్?" అంది, నిన్నే చూసినట్టు.

"అరకిలో పెరుగు."

"జహనుమాల పెరుగు దొర్కుతలేదా?"

"ఇక్కడ బాగుంటుందని."

కవర్‌లో పెరుగు పోసింది. "ఇంక గదే నౌకరీ చేస్తున్నరా?"

"లేదు. మానేశాను."

"మంచిగైంది." కవర్ మూతి మెలి తిప్పుతూ అంది, "నేను చెప్పిన కద సార్. రోజూ రాసిన. సాధనల పడ్డనాడు మోకాలు మెలిక పడ్డది. అందరి ముంగట చెప్తే ఉస్తాద్ ఇంటికి పంపుతడని, మీ కాగితంల రాసిన."

నాకు తోచిన ఒకే ఒక ప్రశ్న అడిగాను. అది కూడా నన్ను నేను కాపాడుకునే ప్రశ్నే. "మరి అంకె ఎందుకు తగ్గిస్తూ వచ్చావు?"

ఆమె డబ్బాలోంచి ఒక రబ్బరు బ్యాండు తీసింది.

"తగ్గినప్పుడల్ల మీరు మస్తు ఖుష్ అయితుండిరి సార్. పాపం అనిపించింది."

కవర్‌కు దాన్ని చుట్టింది. రెండు మెలికలు. లాగి వదిలింది, టప్‌మంది. ఆమె ముంజేతి మీద గీత ఇంకా ఉంది, ఎరుపు పోయి తెల్లబడింది. డబ్బులు తీసి కౌంటర్ మీద పెట్టాను. వెనక ఒకాయన లీటరు పాలు అడిగాడు. పక్కకు జరిగాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఎవరైనా మోకాలు అని రాస్తే, ముందు మోకాలు చూపించండి. మనసు ఎక్కడికీ పోదు, డాక్టరు దగ్గరినుంచి వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

ఇంటికి చేరేసరికి పెరుగు పులిసిపోయింది. వేసవిలో గౌలిపుర నుంచి జహనుమా దాకా పెరుగు తెచ్చుకునేవాళ్లు కవర్‌లో కాకుండా స్టీలు డబ్బా పట్టుకెళ్లడం మంచిది. మూత గట్టిగా ఉన్నది చూసుకోవాలి.